కృష్ణా తీరాన దర్శనీయ స్థలాలు: ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పర్యాటకం - పరిరక్షణ

రాజధాని హైదరాబాద్ నగరానికి దక్షిణాన, తూర్పున విస్తరించి ఉన్న పూర్వపు నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు చాలాకాలం కరవుకు, వలసలకు మారుపేరుగానే వార్తల్లో నిలిచాయి. అయితే ఈ రాతి నేలలోనే మూడున్నర వేల ఏళ్ళనాటి నిలువురాళ్ళు, బౌద్ధ స్తూపాలు, బాదామి చాళుక్యుల దేవాలయాలు, ఏకశిలా దుర్గాలు, నల్లమల పులుల అభయారణ్యం, దేశంలోని భారీ జలాశయాల్లో ఒకటైన నాగార్జునసాగర్ కొలువుదీరి ఉన్నాయి. 2016 అక్టోబర్‌లో, ఆ తరువాత 2019 ఫిబ్రవరిలో జరిగిన పునర్వ్యవస్థీకరణ ఫలితంగా ఈ ప్రాంతం ప్రధానంగా నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట జిల్లాలుగా ఏర్పడింది. పాలనాపరమైన హద్దులు మారినప్పటికీ ఈ ఎనిమిది జిల్లాల పర్యాటకాన్ని ఒకే సూత్రాన కలుపుతున్నది కృష్ణానది.

దర్శనీయ స్థలాల గురించి రాసేటప్పుడు వాటి గొప్పతనాన్ని వర్ణించి ఊరుకోవడం పరిపాటి. కాని ఒక స్థలం ఎంతమంది సందర్శకులను భరించగలదు, అక్కడికి వచ్చేవారి ప్రాణాలకు రక్షణ ఏమిటి, ఆ పరిసరాల్లో నివసించే ప్రజలకు దానివల్ల కలిగే ప్రయోజనం ఏమిటి అనే మూడు ప్రశ్నలు ఈ ప్రాంతంలో ప్రతి చోటా ఎదురవుతాయి. కృష్ణానది ప్రవాహాన్ని అనుసరించి ఎగువ నుంచి దిగువకు సాగుతూ ఈ స్థలాలను, వాటితో ముడిపడిన ప్రశ్నలను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముడుమాల్ నిలువురాళ్ళు

కృష్ణానది తెలంగాణలో అడుగుపెట్టేది నారాయణపేట జిల్లాలో. నదీతీరంలోని కృష్ణ మండలం ముడుమాల్ గ్రామ సమీపంలో పది నుంచి పద్నాలుగు అడుగుల ఎత్తుగల నిలువురాళ్ళు వరుసలుగా నిలిచి ఉన్నాయి. ఇవి బృహత్ శిలాయుగానికి చెందినవని, సుమారు 3,500 సంవత్సరాల నాటివని పురావస్తు పరిశోధకులు నిర్ధారించారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య కె.పి. రావు ఈ స్థలంపై దీర్ఘకాలం పరిశోధన సాగించారు. రాళ్ళ వరుసలకు, సూర్యుని ఉదయాస్తమయ స్థానాలకు మధ్య సంబంధం ఉన్నదని ఆ పరిశోధనలు సూచిస్తున్నాయి. ఒక బండపై తొలిచిన చిన్నచిన్న గుంటలు సప్తర్షి మండలాన్ని పోలి ఉండటం మరొక విశేషం. గ్రామస్థులు ఈ రాళ్ళను దైవభావంతో చూస్తున్నారు. ఇన్ని శతాబ్దాలపాటు ఇవి నిలిచి ఉండటానికి ఆ భక్తి కూడా ఒక కారణమని భావించవచ్చు.

2025 మార్చిలో ముడుమాల్ నిలువురాళ్ళు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చోటు సంపాదించాయి. ఈ అంశంపై వార్తలు రాసేవారు ఒక తేడాను గమనించవలసి ఉంటుంది. తాత్కాలిక జాబితాలో చేరడం ప్రపంచ వారసత్వ హోదా లభించడం కాదు. కనీసం ఒక సంవత్సరంపాటు ఆ జాబితాలో ఉన్న తరువాతనే ఏ స్థలానికైనా హోదా కోసం పూర్తిస్థాయి ప్రతిపాదన సమర్పించే వీలు కలుగుతుంది. తెలంగాణలో ఇంతవరకు ఆ హోదా పొందినది 2021 జూలైలో గుర్తింపు లభించిన రామప్ప దేవాలయం ఒక్కటే. ముడుమాల్ విషయంలో రాళ్ళతోపాటు వాటి చుట్టూ ఉన్న ఖాళీ స్థలం, క్షితిజం వరకు అడ్డులేని చూపు కూడా ఆ వారసత్వంలో భాగమే. సూర్యగమనాన్ని చూపడానికి నిలిపిన రాళ్ళ ఎదుట ఎత్తైన కట్టడం లేస్తే, రాయి చెక్కుచెదరకున్నా దాని అర్థం చెదిరిపోతుంది. సందర్శకుల వసతి కోసం నిర్మాణాలు చేపట్టేటప్పుడు ఈ విషయాన్ని దృష్టిలో ఉంచుకోవలసి ఉన్నది.

జూరాల, గద్వాల, సరళాసాగర్

దిగువన కృష్ణపై నిర్మించిన ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టు వానాకాలంలో విశేష సంఖ్యలో సందర్శకులను ఆకర్షిస్తున్నది. ఎగువ రాష్ట్రాల నుంచి వరద వచ్చి గేట్లు ఎత్తిన రోజుల్లో ఆనకట్ట పరిసరాలు తిరునాళ్ళను తలపిస్తాయి. ఇక్కడ తాజా చేపల వంటకాలు అమ్మే చిన్న దుకాణాలు అనేక కుటుంబాలకు జీవనాధారంగా ఉన్నాయి.

సమీపంలోని గద్వాల పట్టణం పూర్వం సంస్థాన కేంద్రం. సోమనాద్రిగా ప్రసిద్ధుడైన పెద సోమభూపాలుడు నిర్మించిన కోట, అందులోని చెన్నకేశవాలయం దర్శనీయాలు. పండితులను ఆదరించిన సంస్థానంగా ఇది విద్వద్గద్వాలగా పేరొందింది. గద్వాల చీర ప్రత్యేకత దాని అతుకులో ఉన్నది. చీర ఒడలు నూలుతో, అంచులు, కొంగు పట్టుతో ఉంటాయి. వేర్వేరు దారాలతో నేసిన ఈ భాగాలను మగ్గంపైనే ఒకదానితో ఒకటి పెనవేసి కలుపుతారు. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ చీరను నేత జరుగుతున్న ఇంటి వద్దనే చూసి కొనుగోలు చేసే అవకాశం సందర్శకునికి ఒక అనుభవం, నేతకారునికి ఒక ఆదాయం.

వనపర్తి జిల్లాలోని సరళాసాగర్‌ను ఇంజనీరింగ్ వింతగా పేర్కొనవచ్చు. వనపర్తి సంస్థానాధీశుల చొరవతో రూపుదిద్దుకొని 1959లో ప్రారంభమైన ఈ జలాశయంలో స్వయంచాలక సైఫన్ వ్యవస్థ ఉన్నది. నీటిమట్టం నిర్ణీత స్థాయికి చేరగానే మనుషులు గేట్లు ఎత్తే అవసరం లేకుండా గాలి పీడనంలోని తేడా వల్ల సైఫన్లు తమంతట తామే తెరుచుకొని నీటిని వదులుతాయి, మట్టం తగ్గగానే ఆగిపోతాయి. చాలా ఏళ్ళ తరువాత నిండుగా నీరు చేరిన ఈ జలాశయం కట్టకు 2019 డిసెంబర్ 31న గండిపడింది. అనంతరం కట్టను పునరుద్ధరించారు. చరిత్రాత్మక కట్టడమైనంత మాత్రాన అది తనను తాను కాపాడుకోలేదని, నిండనినాళ్ళలోనూ కట్టకు ఆలనాపాలనా అవసరమని ఈ ఘటన తెలియజేసింది.

అలంపురం: నదుల సంగమం, శిల్పాల సంగమం

తుంగభద్ర ఎడమ ఒడ్డున వెలసిన అలంపురం ఈ ప్రాంతపు ఆధ్యాత్మిక, చారిత్రక కేంద్రాల్లో అగ్రగణ్యమైనది. క్రీ.శ. 7వ శతాబ్దంలో బాదామి చాళుక్యులు ఇక్కడ నిర్మించిన నవబ్రహ్మ ఆలయాలు పేరుకు బ్రహ్మ ఆలయాలైనా నిజానికి శివాలయాలు. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ బ్రహ్మ ఆలయాలుగా వీటిని పిలుస్తారు. దక్షిణాదిన ఉన్నా వీటిలో ఎక్కువ ఆలయాల శిఖరాలు ఉత్తరాది నాగర శైలిలో ఉండటం శిల్పకళా విద్యార్థులను ఆకర్షించే అంశం. స్వర్గబ్రహ్మ ఆలయం చాళుక్య రాజు వినయాదిత్యుని కాలంలో నిర్మితమైనది. అష్టాదశ శక్తిపీఠాల్లో ఐదవదిగా పేరొందిన జోగులాంబ ఆలయం మధ్యయుగంలో ధ్వంసం కాగా, అమ్మవారి మూర్తిని శతాబ్దాలపాటు బాలబ్రహ్మ ఆలయంలో ఉంచి పూజించారు. నూతన ఆలయం 2005లో భక్తులకు అందుబాటులోకి వచ్చింది.

శ్రీశైలం జలాశయం నిర్మాణంతో కృష్ణా, తుంగభద్ర సంగమ ప్రాంతంలోని కూడవెల్లి సంగమేశ్వరాలయానికి ముంపు ముప్పు ఏర్పడింది. పురావస్తు శాఖ నిపుణులు ఆలయంలోని ఒక్కొక్క రాయికి గుర్తు వేసి, విడదీసి, అలంపురానికి తరలించి తిరిగి యథాతథంగా నిలిపారు. ఇంతటి శ్రమకోర్చి కాపాడుకున్న ఈ క్షేత్రం 2009 అక్టోబర్ వరదల్లో మరోసారి నీటి ముట్టడికి గురైంది. నది ఒడ్డున ఉన్న వారసత్వానికి నదే అందం, నదే ప్రమాదం.

సోమశిల, శ్రీశైలం వెనుక జలాలు

కొల్లాపూర్ సమీపంలోని సోమశిల నేడు ఈ ప్రాంతంలో అత్యంత వేగంగా ఎదుగుతున్న పర్యాటక కేంద్రం. కొండల నడుమ నిలిచిన నీలి జలాలను చూసేందుకు వచ్చేవారు ఆ నీటి అడుగున ఏమున్నదో కూడా తెలుసుకోవలసి ఉన్నది. శ్రీశైలం జలాశయం కింద 1980వ దశకం ప్రారంభంలో పూర్వపు మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో సుమారు వంద గ్రామాలు మునిగిపోయాయి. వేలాది కుటుంబాలు ఇల్లూ పొలమూ కోల్పోయాయి. సోమశిలలోని లలితా సోమేశ్వరాలయ సముదాయం, జటప్రోలులోని ఆలయాలు ముంపు నుంచి తప్పించి పైకి తరలించినవే. నది ఆవలి ఒడ్డున నంద్యాల జిల్లాలో ఉన్న సంగమేశ్వరం ఆలయం మాత్రం ఏటా నీట మునిగి, వేసవిలో నీటిమట్టం తగ్గినప్పుడు బయటపడుతుంది. సందర్శకునికి ఇది ఒక అద్భుత దృశ్యం. నిర్వాసితునికి తన ఊరి ఆనవాలు. పర్యాటకం ద్వారా వచ్చే ఉపాధిలో నిర్వాసిత కుటుంబాల పిల్లలకు, మత్స్యకారులకు తొలి వాటా దక్కడం సముచితం.

కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ స్వదేశ్ దర్శన్ పథకం కింద 2015-16లో మహబూబ్‌నగర్ జిల్లా పర్యావరణ పర్యాటక వలయానికి సుమారు 91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. సోమశిల, సింగోటం, అక్కమహాదేవి గుహలు, ఈగలపెంట, ఫరహాబాద్, ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం ఈ వలయంలోనివే. 2024 నవంబర్‌లో సోమశిల అభివృద్ధికై మరో 68 కోట్ల రూపాయల మేర ప్రాజెక్టుకు కేంద్రం ఆమోదం తెలిపింది. అదే నెలలో సోమశిల నుంచి శ్రీశైలానికి, నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలానికి లాంచీ ప్రయాణాలు ప్రారంభమయ్యాయి. జలాశయంలో తగినంత నీటిమట్టం ఉన్న కాలంలోనే ఈ ప్రయాణాలు సాధ్యమవుతాయి.

జల విహారం గురించి చెప్పుకొనేటప్పుడు 2007 జనవరి 18ని మరువరాదు. ఆ రోజు ఈ వెనుక జలాల్లోనే, మంచాలకట్ట సమీపంలో, నది దాటుతున్న పడవ మునిగి 60 మందికి పైగా మరణించారు. వారు విహారానికి వెళ్ళినవారు కారు. ఒక ఒడ్డు నుంచి మరొక ఒడ్డుకు చేరడానికి వేరే దారిలేక పడవ ఎక్కిన సామాన్యులు. సోమశిల, సిద్ధేశ్వరం మధ్య వంతెన కావాలన్న డిమాండ్ ఆనాటి నుంచి మరింత బలపడింది. పడవ సామర్థ్యానికి మించి ఎక్కించుకోకపోవడం, ప్రతి ప్రయాణికునికి లైఫ్ జాకెట్ తొడిగించడం, గాలివానలో ప్రయాణం నిలిపివేయడం అనే మూడు నియమాలు పర్యాటక లాంచీకి ఎంత ముఖ్యమో గ్రామస్థుల నాటుపడవకూ అంతే ముఖ్యం. లాంచీపై ఉన్న శ్రద్ధ రేవు మీద లేకపోతే భద్రత పూర్తి అయినట్లు కాదు.

నల్లమల: అడవికీ వేళలున్నాయి

సోమశిలకు తూర్పున నల్లమల అడవులు ప్రారంభమవుతాయి. సుమారు 2,611 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల అమ్రాబాద్ పులుల అభయారణ్యం రాష్ట్ర విభజనకు పూర్వం నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగంగా ఉండేది. నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో విస్తరించిన ఈ అడవిలో పులి, చిరుత, ఎలుగుబంటి, దుప్పి, అడవికుక్కలు సంచరిస్తున్నాయి. మన్ననూరు నుంచి శ్రీశైలం వెళ్ళే రహదారిపై ఉన్న ఫరహాబాద్ వద్ద అటవీశాఖ సఫారీ నిర్వహిస్తున్నది. 2021 నవంబర్ నుంచి అడవిలో రాత్రి బసతో కూడిన టైగర్ స్టే ప్యాకేజీలు కూడా అందుబాటులోకి వచ్చాయి. మెట్ల మార్గాన లోయలోకి దిగి చూడవలసిన మల్లెలతీర్థం జలపాతం, శ్రీశైల క్షేత్రానికి ఉత్తర ద్వారంగా భావించే అచ్చంపేట సమీపంలోని ఉమామహేశ్వరం, చైత్ర పౌర్ణమి సందర్భంగా కొద్దిరోజులు మాత్రమే భక్తులను అనుమతించే సలేశ్వరం ఇక్కడి ఇతర ఆకర్షణలు.

హైదరాబాద్ - శ్రీశైలం రహదారిపై అభయారణ్యం పరిధిలో రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాల రాకపోకలను నిలిపివేస్తున్నారు. రాత్రివేళ రహదారిని దాటే జంతువులు వాహనాల కింద పడి మరణించకుండా ఈ ఏర్పాటు. అదేవిధంగా జూలై నుంచి సెప్టెంబర్ వరకు, వర్షాకాలంలో, సఫారీలను నిలిపివేస్తారు. దారులు చెడిపోవడం ఒక కారణం కాగా, వన్యప్రాణులకు ఆ కాలంలో అలజడి లేకుండా చూడటం మరొకటి. ఈ నిబంధనలు తెలియక అర్ధరాత్రి గేటు వద్ద నిలిచిపోయే ప్రయాణికులు సిబ్బందితో వాగ్వాదానికి దిగే సందర్భాలు రాకుండా ఉండాలంటే వేళల సమాచారం బయలుదేరే చోటే అందాలి. పత్రికలు ఈ విషయంలో చేయగల సహాయం ఎంతో ఉన్నది.

ఈ అడవి చెంచుల నివాసం. ప్రత్యేకించి దుర్బల గిరిజన సమూహంగా ప్రభుత్వం గుర్తించిన చెంచులు తేనె, జిగురు, దుంపల సేకరణతో అడవిని నమ్ముకొని జీవిస్తున్నారు. అడవిలో జంతువు అడుగుజాడను పసిగట్టడంలో వారికి సాటి లేరు. సఫారీల్లో మార్గదర్శకులుగా, కాపలా సిబ్బందిగా చెంచు యువత సేవలు వినియోగించుకోవడం ఆ నైపుణ్యానికి తగిన గుర్తింపు. 2006 అటవీ హక్కుల చట్టం కల్పించిన హక్కులకు భంగం కలగకుండా, వారి గూడేలు ప్రదర్శనశాలలుగా మారకుండా పర్యాటకం సాగవలసి ఉన్నది. అనుమతి లేకుండా వారి ఇళ్ళను, పిల్లలను ఫొటోలు తీయడం తగదు.

నాగార్జునసాగర్: నీటి కింద నగరం

1955 డిసెంబర్ 10న అప్పటి ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న ప్రధానమంత్రి ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. రాతి కట్టడాలతో నిర్మితమైన ఆనకట్టల్లో ప్రపంచంలోనే ఇది అగ్రశ్రేణికి చెందినది. 124 మీటర్ల ఎత్తు, 26 క్రస్ట్ గేట్లు, 590 అడుగుల పూర్తిస్థాయి నీటిమట్టం దీని ప్రధాన కొలతలు. గేట్లు ఎత్తిన వార్త వెలువడిన మరుక్షణమే వేలాది వాహనాలు సాగర్ దారి పడతాయి. అయితే గేట్లు ఎత్తడం శ్రీశైలం నుంచి వచ్చే ప్రవాహంపై ఆధారపడి ఉంటుందే తప్ప సందర్శకుల సెలవుదినాలపై కాదు. గేట్ల సంఖ్యను గంటగంటకు మారుస్తుంటారు. దిగువన నదిలోకి దిగినవారికి నీరు పెరుగుతున్నదని గ్రహించే వ్యవధి ఉండదు. వార్తలో దృశ్యం గురించి ఎంత ప్రముఖంగా రాస్తారో ఈ హెచ్చరికను కూడా అంతే ప్రముఖంగా ఇవ్వడం మేలు.

ఈ జలాశయం అడుగున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్నది. 1926లో వెలుగుచూసిన ఈ ప్రాచీన నగరాన్ని, ఆనకట్ట నిర్మాణం నిర్ణయమైన తరువాత 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నేతృత్వంలో విస్తృతంగా తవ్వి, లభించిన స్తూపాలు, విహారాలలో ముఖ్యమైనవాటిని కొండపైకి, అనుపు వద్దకు తరలించి పునర్నిర్మించారు. ఆ కొండే నేటి నాగార్జునకొండ ద్వీపం. అక్కడి ప్రదర్శనశాల ప్రస్తుతం ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లా పరిధిలో ఉన్నది. ఎత్తిపోతల జలపాతం కూడా ఆ జిల్లాలోనిదే. ఆనకట్టకు ఇరువైపులా రెండు రాష్ట్రాలు ఉన్నందున సందర్శకులు లాంచీ వేళలను ముందుగా తెలుసుకొని రావడం మంచిది.

తెలంగాణ వైపున 274 ఎకరాల్లో రూపుదిద్దుకున్న బుద్ధవనం 2022 మే 14న ప్రారంభమైంది. అమరావతి స్తూపాన్ని పోలిన మహాస్తూపం, జాతక కథల శిల్పాలు ఇందులో ఉన్నాయి. 2025 మే నెలలో బుద్ధపూర్ణిమనాడు మిస్ వరల్డ్ పోటీలకు వచ్చిన పలు దేశాల యువతులు దీనిని సందర్శించారు.

సాగర్‌కు దిగువన మూసీ, కృష్ణ కలిసే వాడపల్లిలో అగస్త్యేశ్వర, లక్ష్మీనరసింహ ఆలయాలు, మరింత దిగువన మట్టపల్లి నరసింహ క్షేత్రం ఉన్నాయి. 2016 ఆగస్టులో జరిగిన కృష్ణా పుష్కరాలకు ఈ ఘాట్లకు భక్తులు పోటెత్తారు. తదుపరి పుష్కరాలు 2028లో రానున్నాయి. ఎగువన బీచుపల్లి, అలంపురం, సోమశిల మొదలుకొని దిగువన మట్టపల్లి వరకు తీరమంతటా ఘాట్ల మరమ్మతు, మరుగుదొడ్లు, వెళ్ళే దారి - వచ్చే దారి వేర్వేరుగా ఉండేలా ఏర్పాట్లకు ఇప్పటి నుంచే ప్రణాళిక అవసరం.

బండరాళ్ళు, మగ్గాలు, స్తూపాలు

నదికి దూరంగా ఉన్న ప్రాంతం రాతి గుట్టలకు నెలవు. హైదరాబాద్ - వరంగల్ రహదారిపై సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని భువనగిరి కోట ఒకే మహాశిలపై నిలిచిన దుర్గం. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరిట వెలసిన ఈ కోట నేడు శిలారోహణ శిక్షణకు ప్రసిద్ధి. 2014 మే 25న ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించిన గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ తొలి పాఠాలు నేర్చినది ఈ బండమీదనే. పేదింటి పిల్లలకు ఒక బండరాయి ఎంతటి ఎత్తును చూపగలదో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు. పద్మనాయక రాజుల రాచకొండ, దేవరకొండ దుర్గాలు సాహస నడకలకు అనువైనవి. రాచకొండను ఏలిన సర్వజ్ఞ సింగభూపాలుడు రసార్ణవసుధాకరం అనే అలంకారశాస్త్ర గ్రంథకర్త.

యాదగిరిగుట్ట లక్ష్మీనరసింహస్వామి ఆలయం పూర్తిగా కృష్ణశిలతో పునర్నిర్మితమై 2022 మార్చి 28న తిరిగి తెరుచుకున్నది. సమీపంలోని కొలనుపాక జైన, శైవ సంప్రదాయాల రెండింటికీ పుణ్యక్షేత్రం. నల్గొండ పట్టణ శివారులోని పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో రోజంతా కనిపించే స్తంభపు నీడ సందర్శకులను ఆశ్చర్యపరుస్తున్నది. పచ్చల సోమేశ్వరాలయ శిల్పాలు, సూర్యాపేట సమీపంలోని పిల్లలమర్రి కాకతీయ ఆలయాలు చూడదగినవి.

సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధ క్షేత్రంలో లభించిన తోరణ భాగం 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శితమై ప్రపంచ దృష్టిని ఆకర్షించింది. 2024లో అదే చోట జరిపిన తవ్వకాల్లో ఒకే కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. సముద్రాలు దాటి ఆ శిల్పాన్ని చూసినవారు దాని ఊరిని చూడాలని వస్తే వారికి కావలసిన సూచిక బోర్డు, తాగునీరు, వివరించే మనిషి అక్కడ ఉండటం కనీస అవసరం.

1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగిన వెంటనే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానమివ్వడంతో భూదానోద్యమానికి నాంది పలికిన పోచంపల్లి, 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ నుంచి ఉత్తమ పర్యాటక గ్రామంగా గుర్తింపు పొందింది. దారాన్ని ముందుగా ముడివేసి, రంగులద్ది, ఆ తరువాత నేసే ఇక్కత్ పద్ధతికి ఇది పుట్టినిల్లు వంటిది. సమీప పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఒక్క చీరకు ఆసు పోయడానికి వేలసార్లు చేయి కదిపి భుజం నొప్పితో బాధపడే తల్లిని చూసి చింతకింది మల్లేశం లక్ష్మి ఆసుయంత్రం తయారుచేశారు. ఆయనకు 2017లో పద్మశ్రీ పురస్కారం లభించింది. పర్యాటకుడు కొనే చీర వెనుక ఇటువంటి శ్రమ ఉన్నదని తెలిస్తే బేరమాడే తీరు మారుతుంది.

పిల్లలమర్రి నేర్పిన పాఠం

పైన పేర్కొన్న అన్ని అంశాలకూ సాక్ష్యంగా నిలిచేది మహబూబ్‌నగర్ పట్టణ సమీపంలోని పిల్లలమర్రి. సుమారు 700 సంవత్సరాల వయసుగల ఈ మర్రిచెట్టు మూడెకరాలకు పైగా విస్తరించి, తరతరాలుగా జిల్లాకు గుర్తుగా ఉన్నది. మర్రి కొమ్మ నుంచి ఊడలు దిగి, నేలలో పాతుకొని, మానులై ఆ కొమ్మకు ఊతమిస్తాయి. అందువల్ల మొదటి మాను ఏదో గుర్తించలేనంతగా చెట్టు విస్తరిస్తుంది. ఊడ నేలను తాకి వేళ్ళూనడంపైనే ఇటువంటి చెట్టు మనుగడ ఆధారపడి ఉంటుంది. జనం కొమ్మలెక్కి కూర్చోవడం, ఊడలు పట్టుకొని ఊగడం, తొక్కిడికి నేల గట్టిపడటం ఈ ప్రక్రియకు అడ్డంకి అయ్యాయి. దీనికి చెదలు తోడయ్యాయి. 2017 డిసెంబర్‌లో పెద్ద కొమ్మ విరిగి పడటంతో సందర్శకుల ప్రవేశాన్ని నిలిపివేశారు.

2018లో చేపట్టిన చికిత్స దేశవ్యాప్తంగా వార్త అయ్యింది. చెదలు తొలిచిన మానులోకి మొదట నేరుగా మందు ఎక్కించగా అది నిలువక బయటకు కారిపోయింది. దాంతో ఆసుపత్రిలో రోగికి సెలైన్ ఎక్కించినట్లు కొమ్మల పొడవునా వందలాది సీసాలు వేలాడదీసి, చెదల మందు కలిపిన నీటిని చుక్కచుక్కగా అందించారు. బరువు మోయలేని కొమ్మలకు కింద నుంచి ఊతాలు నిర్మించారు. ఊడలను గొట్టాల ద్వారా నేలకు చేర్చారు. చెట్టు క్రమంగా కోలుకొని కొత్త చిగుళ్ళు వేసింది. 2025 మేలో మిస్ వరల్డ్ పోటీదారులు సందర్శించిన స్థలాల్లో పిల్లలమర్రి కూడా ఒకటి.

ఏడు శతాబ్దాల ఎండావానలను తట్టుకున్న చెట్టు, దానిని ప్రేమించి వచ్చిన జనం వల్లనే కూలిపోయే స్థితికి రావడం ఆలోచించవలసిన విషయం. ఒకే రోజు చికిత్సతో అది కోలుకోలేదు. నెలల తరబడి ప్రతిరోజూ సీసాలు మార్చిన సిబ్బంది ఓపిక వల్ల కోలుకున్నది. కట్టడానికి నిధులు ఒకసారి వస్తే చాలు. కాపాడటానికి ప్రతి ఏటా కావాలి. వసతిగృహం ప్రారంభోత్సవం ఎంత వార్తో, అయిదేళ్ళ తరువాత ఆ వసతిగృహంలో కుళాయి నీరు వస్తున్నదా లేదా అన్నదీ అంతే వార్త.

సందర్శకులకు తెలియజేయవలసిన ముఖ్యాంశాలు

- కోటలు, గుట్టలు ఎక్కడానికి నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు అనుకూల కాలం. వేసవిలో బండలు వేడెక్కుతాయి. ఉదయం వేళనే ఎక్కి దిగడం శ్రేయస్కరం.
- జలాశయాల గేట్లు, జలపాతాలు చూడటానికి వానాకాలం అనువైనది. హెచ్చరిక బోర్డులు దాటి నీటిలోకి దిగరాదు.
- లాంచీ, పడవ ప్రయాణాల్లో లైఫ్ జాకెట్ తప్పనిసరి. అది లేని పడవ ఎక్కరాదు.
- నల్లమల అడవిలోకి ప్లాస్టిక్ తీసుకువెళ్ళరాదు. కోతులకు, ఇతర జంతువులకు ఆహారం వేయరాదు. రాత్రి 9 గంటల లోపు అటవీ మార్గాన్ని దాటేలా ప్రయాణం నిర్ణయించుకోవాలి.
- నిలువురాళ్ళపై, శిల్పాలపై, చెట్ల మానులపై పేర్లు చెక్కడం, రంగులు పూయడం తగదు.
- చేనేత వస్త్రాలను వీలైనంతవరకు నేతకారుల వద్ద గాని సహకార సంఘాల వద్ద గాని కొనుగోలు చేస్తే వారికి న్యాయమైన ధర దక్కుతుంది.

ముడుమాల్ నిలువురాళ్ళ నుంచి మట్టపల్లి ఘాట్ వరకు ఈ తీరమంతా మనకు పూర్వుల నుంచి సంక్రమించిన ఆస్తి. ముంపు నుంచి రాయి రాయి మోసి ఆలయాలను కాపాడినవారు, చుక్కచుక్కగా మందు అందించి మర్రిని బతికించినవారు తమ వంతు కర్తవ్యాన్ని నెరవేర్చారు. రాబోయే సందర్శకులకు, ముఖ్యంగా 2028 పుష్కరాల నాటికి తీరానికి చేరనున్న లక్షలాది జనానికి, వీటిని చెక్కుచెదరకుండా అప్పగించే బాధ్యత అధికార యంత్రాంగంతో పాటు పత్రికలపైన, సందర్శకులపైన కూడా ఉన్నది.